అమ్మ సాలు

కార్తీకం సగం గడిచిన ఒక పొద్దున మా తమ్ముడు అంజినప్ప వల్లూరు నుంచి బస్సెక్కి పావగడలో మా ఇంటికి వచ్చాడు. సోలార్ పార్కులో వాచ్‌మన్ పని వాడిది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, నీలం చొక్కా కూడా మార్చుకోలేదు. చంకలో ఉన్న యూరియా సంచి మూతి విప్పి గచ్చు మీద కుమ్మరించాడు. అన్నీ మట్టి అంటిన గెనుసుగడ్డలు. కోస్తా వాళ్లు చిలగడదుంపలంటారే, అవి. వేలంత సన్నవి కొన్ని, పిడికిలంత లావువి కొన్ని, ఇంకా ఊరాల్సినవే అన్నీ.

"నీకూ షుగరొచ్చిందంట గదక్కా. నీ కోడలు ఫోన్లో చెప్పింది" అన్నాడు. "అమ్మ సాలువి తెచ్చినా. నిన్ననే తవ్వినా. తీపి తిరక్కముందే తినెయ్."

"ఇన్ని యాటికిరా నాకు?"

"రాగిముద్ద తగ్గించి ఇయి తిను. నేను కొన్నేండ్ల నుంచి ఇవే తింటాండా. నాయన అమ్మకి పెట్టిన దోవే గదా."

అమ్మ సాలు అనే మాట చెవిన పడి ఎన్నేళ్లయిందో. వాడు టీ తాగి, చక్కెర లేకుండానే తాగి, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు. సాయంత్రం నాలుగు గడ్డలు ఉడికించి, తొక్క తీసి నోట్లో పెట్టుకున్నాను. అదే చప్పదనం, గొంతులో అడ్డం పడే అదే పిండి. చిన్నప్పుడు మా అమ్మ పళ్లెం ముందు కూర్చుని ఒక్కో ముక్కకూ ఒక్కో గుక్క నీళ్లు తాగుతూ వీటిని మింగడం కళ్లముందు కదిలింది. తిన్నంత తిని మిగతావి కుండలోనే వదిలేశాను.

మా చిన్నప్పుడు వల్లూరులో మాకున్నది మెట్టచేను, దాని మూలన ఒక బావి. చేనంతా శెనక్కాయ. శెనక్కాయ వాన దయ మీద బతికేది. బావి కింద ఉన్న చిన్న మడి మాత్రం పూర్తిగా మా నాయన చేతిలోది. అందులో సగం రాగులు వేసేవాడు, గట్టు వారన మిరపనారు, మిగిలిన బోదెల మీద గెనుసు తీగ. శ్రావణంలో తీగ ముక్కలు గుచ్చితే పండుగలన్నీ దాటేలోగా మడి అంతా పచ్చగా అల్లుకుపోయేది. మేకలు అటు చూడకుండా కాపలా కాయడం పిల్లల పని. ఆ పనిలో మేము మేకలకంటే ఎక్కువ తీగ తొక్కేవాళ్లమని నాయన దెప్పేవాడు.

గెనుసుగడ్డ తవ్వడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. కార్తీకంలో బోదెలు పగుళ్లు విచ్చి, లోపల గడ్డ ఊరిందని కనిపిస్తున్నా నాయన పార ముట్టేవాడు కాదు. ఒక గడ్డను పైకి లాగి, కొడవలితో కోసి చూసేవాడు. కోసిన చోట పాలు కారి కాసేపటికి నల్లబడితే మళ్లీ మట్టి కప్పేసేవాడు. వానలు పూర్తిగా వెనక్కి పోయాక మడికి తడి పెట్టడం ఆపేసేవాడు. మార్గశిరం దాటి పుష్యం చలి పట్టేసరికి ఆకు పసుపుపచ్చగా తిరిగేది. అప్పుడు కోస్తే పాలు తెల్లగానే ఆరిపోయేవి. ఇక రెండు మూడు రోజులు అందరమూ మడిలోనే. తవ్విన గడ్డలు తోలు గీసుకుపోకుండా చేత్తో మట్టి దులిపి, వసారాలో ఇసుక పోసి, దాని మీద పరిచి, ఎండు తీగ కప్పి పెట్టేవాళ్లం. శివరాత్రి ఉపవాసం దాకా వాటి మీద చెయ్యి పడకూడదు.

"నీళ్లు పెడతానే ఉంటే గడ్డకి తీపి యాటికొస్తాదమ్మణ్ణీ?" అనేవాడు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని. "దాన్ని ఎండగట్టల్ల. చలికి వణకల్ల. అప్పుడే లోపలున్న పిండిని చక్కెర చేసుకుంటాది."

నిజంగానే శివరాత్రి నాటికి అవి వేరే గడ్డలు. కుండలో కాస్త నీళ్లు పోసి, మూతకు తడిగుడ్డ చుట్టి ఉడికిస్తే అడుగున పాకం కారి అంటుకునేది. ఆ అడుగు గీకి తినడానికి నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్లం. వసారా అంతా కాలిన బెల్లం వాసన. శివరాత్రి దాటినా నేలలోనే వదిలేస్తే మాత్రం నార పడుతుంది, పురుగు తొలుస్తుంది. ఒక ఏడు మార్గశిరంలో ముసురు పట్టి వారం రోజులు వదలకపోతే గడ్డలన్నీ నీళ్లోడి, శివరాత్రికి కూడా తీపెక్కలేదు. మా జేజి, అంటే నాయన తల్లి, ఆ ఏడు శివుణ్ణే తిట్టింది. ఇప్పుడు పావగడ సంతలో ఏ నెలలో వెళ్లినా కడిగి నునుపుగా తుడిచిన గడ్డలు రాశి పోసి ఉంటాయి. ఎప్పుడు తవ్వారమ్మా అని అడిగితే అమ్మే మనిషి నన్ను ఎగాదిగా చూస్తుంది.

మా అమ్మది నిడుగల్లు. కొండ మీద కోట ఉన్న ఊరిలో పుట్టానని కొంచెం మిడిసిపాటు కూడా ఉండేది. జేజి ఏదన్నా ఒకటంటే అమ్మ దానికి సరిపోయేంత తిరిగి అనేది, అని మళ్లీ అత్తకు తలకు నూనె పెట్టేది. జేజికి ముక్కుపొడుం అలవాటు. నడుముకు ఎప్పుడూ తాళంచెవుల గుత్తి. ఇంట్లో తాళం వేయాల్సిన వస్తువేదీ లేకపోయినా ఆ గుత్తి మాత్రం నడుస్తుంటే మోగాల్సిందే. అమ్మకు తీపి అంటే ప్రాణం. శివరాత్రికి మొదటి కుండ దింపగానే, ఉపవాసం విడవడానికి ఇంకా పొద్దుందని జేజి గొణుగుతున్నా, పొయ్యి దగ్గర నిలబడే ఒక గడ్డ విరిచి, ఉఫ్‌ఉఫ్ అని ఊదుకుంటూ తినేసేది. శివుడు చూడలేదులే అనేది మాతో.

అలాంటి మనిషి ఒక ఎండాకాలంలో నీళ్లు తాగడం మొదలుపెట్టింది. చెంబు దించకముందే మళ్లీ దాహం. చీర కుచ్చిళ్లు రోజురోజుకూ ఎక్కువవుతూ వచ్చాయి, అంత చిక్కిపోయింది. దొడ్లో ఆమె కూర్చుని లేచిన చోట చీమలు బారు కట్టడం చూసి జేజే మొదట కనిపెట్టింది. నాయన ఆమెను పావగడలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. చక్కెర జబ్బు అన్నారు. మాత్రలిచ్చారు, తీపి ముట్టకూడదన్నారు. ఆయన ఇంకేం చెప్పాడో, చెప్పినా మావాళ్లకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. ఇంటికి వచ్చిన మాట మాత్రం ఆ ఒక్కటే, తీపి ముట్టకూడదు.

అప్పట్లో రక్తం తీసి చూడడం మాకు తెలియదు. ఒంటికి పోసింది సీసాలో పట్టుకుని పోతే కాంపౌండరు దాన్ని ఒక నీలం నీళ్లలో చుక్కలుగా వేసి, దీపం మీద గాజుగొట్టంలో కాచేవాడు. నీలంగానే ఉంటే మంచిది. ఆకుపచ్చకు తిరిగితే పర్వాలేదు. పసుపు దాటి ఇటుకరంగు వస్తే జబ్బు ముదిరినట్టు. మా ఇంట్లో నెలకోసారి అందరూ ఎదురుచూసేది ఆ రంగు కోసమే. నాయన బస్సు దిగి వీధి మలుపు తిరగగానే జేజి అరుగు మీదినుంచే "ఏం రంగొచ్చిందిరా?" అని అడిగేది.

తీపి లేని గెనుసుగడ్డ అనే ఆలోచన నాయనదే. తర్వాత ఒకసారి కాంపౌండరు అమ్మకు అన్నం తగ్గించమన్నాడు, ముద్ద కూడా చాలడం లేదు, ఆకలితో మనిషి సొమ్మసిల్లిపోతోంది. గడ్డలో తీపి పుష్యంలో కదా ఎక్కేది, అంతకు ముందు ఉన్నది ఉత్త పిండే కదా, ఆ పిండి తింటే జబ్బేం చేస్తుందని ఆయన లెక్క. బావికి దగ్గరగా ఉన్న ఒక సాలును విడిగా పెట్టాడు. అదే అమ్మ సాలు. మిగతా మడికి తడి ఆపినా ఆ సాలుకు మాత్రం ఆపేవాడు కాదు. బావిలో నీళ్లు అడుగంటిన రోజుల్లో కూడా కడవతో తోడి, భుజాన మోసుకొచ్చి మరీ పోసేవాడు. ఎండితే తీపెక్కుతుందని భయం. మడంతా పసుపుతిరిగి ఆ ఒక్క సాలు ఏపుగా పచ్చగా ఉండేది. ముందే తవ్వి ఇంట్లో పెడితే నిలవకు తీపి తిరుగుతాయని ఏ పూటకాపూట తవ్వి తెచ్చేవాడు. ముందుగా ఒకటి తాను కొరికి చూసేవాడు. నాలుకకు ఏ కొంచెం తియ్యగా తగిలినా దాన్ని మాకు పడేసేవాడు.

ఊళ్లో ఆడవాళ్లు బావి దగ్గర దీన్ని గురించి చెప్పుకుని నవ్వేవాళ్లు. పెండ్లాం కోసం గడ్డకు నీళ్లు మోసే మొగుణ్ణి వాళ్లు అంతకు ముందు చూడలేదు. అమ్మ సిగ్గుపడేది, లోపల మురిసేది. ఆ చప్పటి గడ్డలు ఆమెకు సయించేవి కావని నాకు తెలుసు. "సున్నం ముద్ద మాదిరుండాది పాపా" అనేది నాయన వినకుండా. ఆయన ఎదురుగా ఉంటే మాత్రం పళ్లెం ఖాళీ చేసేది. పొద్దున అవే, చేనికి పోతే గుడ్డలో మూటకట్టుకున్నవీ అవే. ఎంత తింటే అంత మంచిదని నాయన ఇంకొంచెం వడ్డించేవాడు.

ఇంత చేసినా రంగు మారలేదు. మొదట ఆకుపచ్చగా వచ్చినది పసుపైంది, తర్వాత ఇటుకరంగుకు తిరిగింది. కాంపౌండరు నాయనతో, ఇంట్లో ఎవరూ చూడకుండా తీపి తింటున్నట్టుంది మీ ఆవిడ, అన్నాడట. పాపం అతను చెడ్డమాట అనలేదు, రోజూ అలాంటివాళ్లను చూసేవాడు. ఆ మాట మా గడప దాటి లోపలికి వచ్చాక మాత్రం ఇంకోలా అయింది. జేజి ఆ సాయంత్రమే బెల్లం కుండను అటక మీదినుంచి దించి, సంతలో కొన్న రేకు పెట్టెలో పెట్టి తాళం వేసింది. అన్నేళ్లుగా ఊరికే మోగిన ఆ గుత్తికి ఒక పని దొరికింది.

"నేను తినల్యా" అంది అమ్మ.

"మరి ఆ రంగు యాడనుంచొచ్చింది? గాలికొచ్చిందా?" అంది జేజి.

నాయన ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆయన కోపిష్టి కాదు, చెయ్యెత్తడం మేమెప్పుడూ చూడలేదు. కానీ తాను భుజం కాయలు కాచేలా నీళ్లు పోసి పెంచిన సాలు మీద ఆయనకు ఎంత నమ్మకమంటే, తప్పు అందులో ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు. గడ్డలో తీపి లేదు, అది ఆయన నాలుకకే తెలుసు. అయితే తీపి ఇంకెక్కడినుంచో వస్తోంది. ఆయన సాలును అనుమానించలేదు, అమ్మను అనుమానించాడు. పైకి అనకుండా ఇంకా లేత గడ్డలు ఏరి తేవడం మొదలుపెట్టాడు.

తర్వాతి నెల కూడా ఇటుకరంగే. ఈసారి జేజి ఊరుకోలేదు. మా వైపు తగాదా తెగనప్పుడు కర్పూరం వెలిగించి అరచేత్తో ఆర్పి ఒట్టు వేయడం ఉండేది. గొర్రె పోయినప్పుడు, గట్టు జరిగినప్పుడు, ఊరి పెద్దల ముందు మగవాళ్లు చేసే పని అది. ఇంట్లో, కోడలి చేత, బెల్లం గురించి చేయించడం ఎవరూ విననిది. ఒక శనివారం పొద్దున ఆంజనేయస్వామి పటం ముందు జేజి పళ్లెంలో కర్పూరం పెట్టింది. పక్కింటివాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి గడప అవతల నిలబడ్డారు.

"వద్దులేమ్మా" అన్నాడు నాయన జేజితో.

"వద్దంటాడు, ఆపడు" అంది అమ్మ నావైపు చూసి. ఆయనతో చెప్పాల్సినవి ఆమె ఎప్పుడూ మాకే చెప్పేది. "మీ నాయనకి చెప్పు పాపా. చిన్న బెల్లం ముక్క గూడా నా నోట్లో పడల్యా. సామి తోడు." వంగి మంట మీద అరచెయ్యి పెట్టి అదిమింది. పైకి తీశాక చేతికంతా మసి. ఆమె కళ్లలో నీళ్లు లేవు, గెలిచినట్టే ఉంది మొహం. గడప దగ్గరివాళ్లు తలలూపి వెళ్లిపోయారు. ఆ పూట జేజే కోడలికి గడ్డలు ఒలిచి పెట్టింది.

ఆ నెల పావగడకు అమ్మ కూడా పోయింది. తిరిగి వచ్చినప్పుడు జేజి అరుగు మీదినుంచి రంగు అడగాల్సిన అవసరం లేకపోయింది. నాయన ముందు నడుస్తున్నాడు, అమ్మ బాగా వెనకబడి వస్తోంది. అంతవరకు బెల్లం దొంగ అనుకున్నవాళ్లు ఇప్పుడు దేవుడి మీద అబద్ధపు ఒట్టు వేసిన మనిషి అనుకున్నారు. ఈ రెండోది చాలా పెద్ద మాట. మా ఇంటినుంచి తాంబూలం తీసుకోవడానికి కొందరు వెనకాడారు. ఆ తర్వాత అమ్మ ఎవరితోనూ వాదించడం నేను చూడలేదు.

కొన్నాళ్లకు ఆమె నన్ను బావి గట్టున కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగింది. "నిద్రలో లేసిపొయ్యి తింటాండానేమో పాపా? నాకే తెలియకుండా? కొందరికి అట్ల నడిచే జబ్బుంటాదంట." ఆ రోజునుంచి పడుకునే ముందు తన చీర కొంగును నా లంగా అంచుకు ముడి వేసేది. తాను లేస్తే నాకు మెలకువ వస్తుందని. ముడి ఏ పొద్దునా విడిపోలేదు. ఆ సంగతి నేను జేజికి చెప్పాను, నాయనకు చెప్పాను. "నిద్రపొయ్యే పిల్లకేం తెలుస్తాది" అంది జేజి. నాయన నా తల నిమిరి చేనికి పోయాడు. అబద్ధమాడలేదని తెలిసిన మనిషే తనను తాను నమ్మలేని స్థితికి రావడం ఎంత ఘోరమో అప్పుడు నాకు తెలియదు.

ఆ మరుసటి ఏడు శెనక్కాయ పీకేటప్పుడు అమ్మ కాలికి తుమ్మముల్లు దిగింది. ముల్లు వచ్చేసింది, పుండు మిగిలిపోయింది. ఆకుపసర్లు కట్టారు, ఆస్పత్రికి తిప్పారు. ఒట్టు తప్పింది గదా అని ఊళ్లో అనుకోవడం మంచంలో ఉన్న ఆమెకు వినిపించేది. ఆ శివరాత్రికి వసారాలో గడ్డలు ఉడుకుతుంటే వాసనకు తల తిప్పి, "ఒక చిన్న ముక్క" అని అడిగింది. నాయన మంచం పట్టె మీద కూర్చున్నాడు. "వద్దుమ్మే. ఇంత దాకా కాపాడుకుంటిమి" అన్నాడు. మడికి పోయి అమ్మ సాలులోంచి ఒకటి తవ్వుకొచ్చి, ఉడికించి, చల్లార్చి నోట్లో పెట్టాడు. ఆమె అది తింది. ఉగాది దాకా కూడా ఉండలేదు.

నాయన ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఆ సాలు పెట్టాడు. నీళ్లు పోసేవాడు, తవ్వి గొర్రెలకు వేసేవాడు. మేమెవరమూ ఎందుకని అడగలేదు. ఆయన, జేజి ఇద్దరూ పోయాక చేను సోలార్ పార్కు కింద లీజుకు పోయింది. బావి పూడిపోయింది. శెనక్కాయ ఉన్నంతమేరా ఇప్పుడు అద్దాల పలకలు. వర్షం కోసం ఆకాశం చూసే పని తప్పింది, నడుము వంచే పనీ తప్పింది. మా తరంలో పుల్లల్లా ఉండేవాళ్ల పిల్లలకు ఇప్పుడు కుర్చీ ఉద్యోగాలు, ఇంటింటికీ షుగరు మాత్రలు. తమ్ముడు ఇంటి వెనక దొడ్లో, గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట, నాలుగు బోదెలు వేసి తీగ పెట్టుకున్నాడు.

వాడు సంచి తెచ్చిన వారానికే నేను షుగరు పరీక్షకు ఆస్పత్రికి వెళ్లాను. ఏం తినాలో చెప్పే ఒక అమ్మాయి ఉంది అక్కడ, మా మనవరాలి వయసుది. నేను గొప్పగా మా ఇంటి సంగతి చెప్పాను, తీపెక్కకముందే తవ్విన గెనుసుగడ్డ తింటున్నామని.

"ఎంత తింటారు మేడమ్?" అంది.

"పళ్లెం నిండా" అన్నాను, తమ్ముడి తిండిని తలచుకుని.

"అట్ల తినకండి. ముందుగా తవ్వితే కొంచెం నీళ్లెక్కువుంటాయి, తీపి తక్కువుంటుంది, అంతే. లోపల పిండి ఉంటుంది కదా, అది కడుపులోకి పోయినాక చక్కెరే అవుతుంది. తియ్యనిదైనా చప్పదైనా పళ్లెం నిండా తింటే షుగరు పెరుగుతుంది. తినాలనిపిస్తే శివరాత్రివే ఒక చిన్న ముక్క తినండి. ఆ పూటకి ముద్ద తగ్గించుకోండి."

ఆమె ఇంకా ఏవేవో చెప్పింది. నేను బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఒక చిన్న ముక్క. మా అమ్మ అడిగింది కూడా సరిగ్గా అంతే.

మర్నాడు వల్లూరు బస్సెక్కాను. చెప్పాలా వద్దా అని దారి పొడుగునా తేలలేదు. చెబితే, చచ్చిపోయిన నాయన మీద తప్పు మోపినట్టవుతుంది. ఆ సాలు తప్ప ఆయన ప్రేమకు మా దగ్గర ఇంకో గుర్తు లేదు. చెప్పకపోతే అంజినప్ప కాళ్లు ఏమవుతాయో నాకు తెలుసు. ఇంట్లోకి అడుగు పెట్టేసరికి మరదలు లక్ష్మక్క నన్ను చూసి కొంగు దోపుకుంటూ లేచింది.

"మంచి టైముకొచ్చినావొదినా. మీ తమ్మునికి షుగరు మళ్లా ఎక్కింది. ఆ పార్కు గేటు కాడ హోటల్లో దొంగతనంగా మైసూరుపాకు తింటాండాడు. అడిగితే తినల్యా అంటాడు."

"ఆంజనేయసామి తోడక్కా, తినల్యా" అన్నాడు వాడు. అరవై దగ్గరపడుతున్న మనిషి, గోడకానుకుని, చిన్నపిల్లాడిలా. వాడి పక్కనే పళ్లెం నిండా ఉడికించిన చప్పటి గడ్డలున్నాయి.

ఇక ఆగలేకపోయాను. ఆ అమ్మాయి చెప్పిందంతా చెప్పాను, పిండి సంగతి, పళ్లెం సంగతి. వాడు మొదట లక్ష్మక్క వైపు చూసి, "విన్నావా, నేను చెప్పల్యా?" అని నవ్వాడు. గెలిచిన సంతోషం. ఆమె పళ్లెం తీసి దూరంగా పెట్టింది. ఆ నవ్వు వాడి మొహం మీద అట్లాగే ఉండగానే కళ్లు మారాయి.

"అయితే అమ్మ..." అన్నాడు.

నేను తలూపాను.

"అమ్మ గూడా తినల్యా గదా."

"తినల్యారా."

అమ్మ పోయినప్పుడు వాడు మరీ చిన్నవాడు. బెల్లం దొంగ కొడుకని బడిలో పిల్లలు ఏడిపిస్తే కొట్లాడి చొక్కా చింపుకుని వచ్చేవాడు. వాడు కూడా ఆ మాట నిజమనుకునే కొట్లాడాడని ఇన్నేళ్లకు నాకు అర్థమైంది.

"నాయన ల్యా" అన్నాడు. "జేజి ల్యా. ఆ కర్పూరం కాడ నిలబడినోళ్లు ఒక్కరూ ల్యా. ఈ మాట ఇంగ ఎవురికి చెప్పల్లక్కా?"

నాయన ఉండి ఉంటే తట్టుకోగలిగేవాడు కాదని, ఆయనకు తెలియకపోవడమే మంచిదైందని ఒక పక్క అనిపిస్తోంది. ఇంకో పక్క, ఆయనా జేజీ లేచి వచ్చి ఒక్కసారి వినాలని ఉంది. వినేవాళ్లు ఎవరూ మిగల్లేదు గనుక, ఆమె ఎవరో తెలియని మీకు చెబుతున్నాను. మా అమ్మ బెల్లం తినలేదు. ఆమె వేసిన ఒట్టు నిజం.